గోలున్నర తరుగు

ఎనభై ఎనిమిదో నిమిషంలో ఇటుకరంగు అంగీల జట్టులోని బోడిగుండు ఆటగాడు తలతో బంతిని వలలోకి నెట్టాడు. మైదానంలో సగం మంది అప్పటికే లేచి ఇళ్ల దారి పట్టారు. నీలం అంగీల జట్టు రెండు గోల్స్ కొట్టి, ఆట అయిపోయినట్టే నింపాదిగా తిరుగుతోంది. ఈ ఒక్క గోలుతో పాయింట్ల పట్టికలో ఏమీ మారలేదు. మరునాడు మా పత్రిక కూడా దానికి అర వాక్యం ఇచ్చి ఊరుకుంది. కానీ ఆ శనివారం సాయంత్రం సూర్యాపేట మార్కెట్ గేటు ఎదుట ఉన్న ఛాయ్ హోటల్లో ముప్పై మంది టీవీ మీద నుంచి తలలు తిప్పి నన్ను చూశారు. "గెల్సినవ్ పో రేట్లాయనా!" అని ఎవరో నా వీపు చరిచారు. నేను మాత్రం రెండు చేతులతో తల పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాను. సంతోషం తట్టుకోలేక ఏడుస్తున్నాననుకుని హోటల్ సేటు నాకు నీళ్లిచ్చాడు. దేశం మొత్తం మీద ఆ గోలుకు మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టిన మనిషి ఒక్కరే అని నా నమ్మకం. ఆమె ఆ హోటల్ గుమ్మం దగ్గర, టిఫిన్ బాక్సు సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఆ గోలుతో ఓడిపోయింది కూడా ఆమే.

ఇది అర్థం కావాలంటే ఓ పన్నెండేళ్లు వెనక్కి వెళ్లాలి. ఆ రోజుల్లో నేను ఓ దినపత్రికకు సూర్యాపేట మార్కెట్ ధరలు రాసేవాణ్ణి. ఉద్యోగం అని మా నాన్నకు చెప్పేవాణ్ణి గానీ, మా నాన్న ఆ మాట ఎవరికీ చెప్పేవాడు కాదు. నిడమనూరులో ఆయనకు కొంచెం వరి పొలం ఉండేది. ఫోన్ చేసినప్పుడల్లా "పేపర్ల నీ పేరు పడుతుందారా, ఉత్త వడ్ల పేరే పడుతుందా?" అని అడిగేవాడు. వడ్ల పేరే పడేది. సన్నవడ్లు ఇంత, దొడ్డువడ్లు ఇంత, కందులు ఇంత అని రోజూ అదే జాబితా. మార్కెట్లో హమాలీలు నన్ను పేరుతో కాక 'రేట్లాయన' అని పిలిచేవారు. ధరలు నేనే నిర్ణయిస్తానని కొందరు రైతులు నిజంగానే నమ్మి, వంద పెంచమని బతిమాలేవారు. ఆ నమ్మకాన్ని నేను గట్టిగా ఖండించలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఫుట్‌బాల్ మా మార్కెట్లోకి ఎలా వచ్చిందంటే, క్రికెట్‌కు భయపడి వచ్చింది. క్రికెట్ మీద పందెం అంటే పోలీసు జీపు వస్తుంది. పైగా క్రికెట్లో ప్రతివాడూ పండితుడే, ఎవడూ ఎవడి మాటా వినడు. అదే సమయంలో దేశంలో కొత్తగా ఫుట్‌బాల్ లీగ్ ఒకటి మొదలైంది. ఒక జట్టును సినిమా హీరో కొన్నాడు, ఇంకోదాన్ని క్రికెటర్ కొన్నాడు. హోటల్లో ఎవరికీ ఆట తెలియదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చివరిదాకా ఎవరికీ తెలియలేదు (జెండా లేస్తే "అగో, మళ్ల లేపిండు" అనేవారు, అంతే). తెలియని ఆట కనుక పందేనికి న్యాయంగా ఉంటుందని అందరూ ఒప్పుకున్నారు. ఆటగాళ్ల పేర్లు నోరు తిరగక జట్లను అంగీల రంగులతో పిలుచుకునేవాళ్లం. నీలం అంగీలది హీరోగారి జట్టు. ఇటుకరంగు అంగీలకు యజమాని ఎవరో కూడా ఎవరూ అడగలేదు.

పందెంలో పైసలు ఉండేవి కావు. మా హోటల్ రివాజు వేరు. ఓడినవాడు గెలిచినవాడి పని ఒక పూట చెయ్యాలి. ఎరువుల దుకాణం ఆసామి ఒకసారి ఓడిపోయి, మధ్యాహ్నం దాకా దబ్బనం పట్టుకుని వడ్ల బస్తాలు కుట్టాడు. అడ్తి దుకాణం గుమస్తా ఛాయ్ గ్లాసులు కడిగాడు. ఒకసారి ఒక హమాలీ గెలిచి నా పని అడిగాడు. నా నోట్‌బుక్ చంకలో పెట్టుకుని మార్కెట్ అంతా తిరిగి, ఆ రోజు హమాలీ కూలీ రేటు కూడా ధరల జాబితాలో రాయించాడు. అది అచ్చులో కూడా వచ్చింది. నా జాబితాను ఎవరైనా చదువుతారని తెలిసింది ఆ ఒక్క రోజే, ఎందుకంటే మా ఇన్‌చార్జి సారు ఫోన్ చేసి తిట్టారు.

ఈ పందేలకు పెద్ద మనిషి దడ్వాయి మామ. దడ్వాయి అంటే మా మార్కెట్లో తూకం వేసే మనిషి. గరిడేపల్లి నుంచి రోజూ పొద్దున్నే వచ్చి కాంటా దగ్గర కూర్చునేవాడు. వడ్ల కుప్పలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, పిడికెడు తీసి, అరచేతిలో నలిపి, ఉఫ్ అని ఊది, ఒక గింజ పంటి కింద కొరికి, ఈ కుప్పకు బస్తాకు ఇంత తరుగు అని చెప్పేవాడు. తడికీ తాలుకూ తూకంలో తీసివేసేదే తరుగు. రైతులు ఆ మాట వింటేనే మండిపడేవారు గానీ, మామ చెప్పిన తరుగుకు మాత్రం గొణుక్కుంటూనైనా ఒప్పుకునేవారు. అటువాళ్లూ ఇటువాళ్లూ సమానంగా తిట్టే మనిషి కనుక అతను నిజాయితీపరుడని అందరికీ గురి.

మొదట్లో అందరూ నీలం జట్టు మీదే కాయడం వల్ల పందెం కుదిరేది కాదు. అప్పుడు మామే ఉపాయం చెప్పాడు. "పెద్ద టీముకు తరుగు తియ్యుండ్రి" అన్నాడు. అంటే పెద్ద జట్టు కొట్టిన గోల్స్‌లో నుంచి ముందే చెప్పినంత తీసేసి, మిగిలింది చిన్న జట్టు గోల్స్‌తో పోల్చాలి. సమానం వచ్చి తగాదా పడకుండా ఎప్పుడూ ఒక అర ఉండేటట్టు చూసేవాడు. అరగోలు, గోలున్నర, రెండున్నర. మొదటి రోజు ఎరువుల ఆసామి లేచి నిలబడ్డాడు.

"అర గోల్ ఎట్ల కొడ్తరు మామా? బంతి సగం లోపలికి పోయి సగం బయట ఉంటదా?"

"బస్తాకు అరకిలో తరుగు తీసినప్పుడు అడిగినవా, ఆ అరకిలో ఏడికి పోయిందని?"

"లేదు."

"గిది గుడ గాడికే పోతది. కూసో."

ఆ తర్వాత ఎవరూ అడగలేదు. తరుగు చెప్పడానికి కూడా మామ మార్కెట్ పద్ధతే పెట్టాడు. ఖరీదుదారులు కుప్పకు ధర చీటీ మీద రాసి మూసి ఇస్తారు కదా, అలాగే అతను మధ్యాహ్నం తీరికగా కూర్చుని, ఊదారంగు కాపీయింగ్ పెన్సిల్‌ను నాలుక మీద తడిపి, చిన్న చీటీ మీద తరుగు రాసి, మడిచి హోటల్లో చక్కెర డబ్బా కింద పెట్టేవాడు. ఎవరు ఏ జట్టో చెప్పుకున్నాకే చీటీ విప్పాలి. విప్పాక మాట మార్చడానికి లేదు.

నేను ఎప్పుడూ ఓడిపోయేవాణ్ణి. కారణం నా వృత్తి ధర్మం అనుకునేవాణ్ణి. పత్రికలో పనిచేసేవాడు ప్రజాభిప్రాయాన్ని గౌరవించాలి కదా. హోటల్లో ఎక్కువ మంది ఎటు ఉంటే అటు చేరేవాణ్ణి. ఆ మంది అంతా ఒక దిక్కు ఉన్నారని మామకు మధ్యాహ్నమే తెలుసు కనుక, తరుగు దానికి తగ్గట్టే పడేది. నీలం జట్టు గెలిచేది, నేను ఓడేవాణ్ణి. బస్తాలు కుట్టాను, గ్లాసులు కడిగాను, ఎరువుల దుకాణంలో సంచులు దించాను. ఒకరోజు బస్తా కుడుతూ వేలికి దబ్బనం గుచ్చుకుంటే మామ నవ్వాడు.

"రేట్లాయనా, మంది అందరు చేతులు పెట్టిన కుప్పకు ధర పెరుగుతది గాని గింజల బలం పెరగది. ఒక్కపారి ఎవ్వరు సూడని కుప్ప దిక్కు పోయి సూడు."

ఈ మాట నేను ఆఫీసుకు వెళ్లి గొప్పగా చెప్పాను. విన్నది కోదాడ మేడం.

మా ఆఫీసులో డెస్కు మీద పేజీలు దిద్దే ఆమెను అందరూ అలాగే పిలిచేవారు. రోజూ కోదాడ నుంచి బస్సులో వచ్చి బస్సులో వెళ్లేది. లెక్కల్లో డిగ్రీ చేసి, తప్పుదారిన పత్రికలోకి వచ్చానని నవ్వుతూ చెప్పేది. నా ధరల జాబితాలో తప్పులు పట్టడం ఆమె రోజువారీ వినోదం. ఆమె మాటలో 'అండీ' ఉండేది. సూర్యాపేటలో పుట్టి పెరిగిన మా అటెండరు ఆ 'అండీ' కోసమే ఆమెకు రెండోసారి మంచినీళ్లు తెచ్చేవాడు. (అతణ్ణి అంటున్నాను గానీ, నేను ఆ 'అండీ' కోసం జాబితాలో అప్పుడప్పుడు తప్పులు కావాలనే వదిలేవాణ్ణి. ఇది మా ఇంట్లో కూడా చదువుతారు కనుక ఇంతటితో ఆపుతాను.)

"ఏమండీ రేట్ల సారూ, మళ్లీ ఓడిపోయారా?" అని నా వేళ్లు చూసి అడిగేది. తర్వాత ప్రూఫు కాగితం వెనక్కి తిప్పి గీతలు గీసి లెక్క చెప్పేది. "చూడండి, మీ మామ గారు తరుగు వేసేది జట్టు బలాన్ని బట్టి కాదు, మీలాంటి వాళ్ల నమ్మకాన్ని బట్టి. మీరంతా ఎంత నమ్మితే అంత వేస్తారు. కనక అందరూ ఎటుంటే అటు వెళ్లకూడదు. ఇంతే సూత్రం."

"ఇంత తెలిసి మీరెందుకు కాయరు మేడం?"

"ఓడితే బస్తాలు కుట్టాలి కదండీ. నాకు లెక్కలొచ్చు, కుట్టడం రాదు."

ఒకటి రెండు సార్లు టిఫిన్ బాక్సు సంచీతోనే హోటల్ గుమ్మం దాకా వచ్చింది. మామ ఆమెను "కోదాడ బిడ్డా" అని పిలిచి, కుర్చీ తుడిచి వేయించాడు. గింజ కొరికి తడి ఎలా పసిగడతాడో ఆమె అడిగి తెలుసుకుంది. నేను రెండేళ్లు ఆ మార్కెట్లో తిరిగాను, ఆ సంగతి అడగాలని నాకు ఎప్పుడూ తోచలేదు.

ఇంతలో మిర్యాలగూడలో మా పత్రిక ఆఫీసు తెరుస్తోందని కబురు వచ్చింది. ఒక విలేకరి కావాలి. జీతం ఉంటుంది, మెడలో కార్డు ఉంటుంది, పేరు అచ్చులో పడుతుంది. మా ఆఫీసు నుంచి ఒక పేరు పంపమన్నారు. ఇన్‌చార్జి సారుది మిర్యాలగూడే. రైస్ మిల్లుల మధ్య పెరిగిన మనిషి కనుక ఆయన గొంతు ఎప్పుడూ మిల్లు మోతను దాటి వినపడేంత గట్టిగా ఉండేది.

"ఇద్దరున్నరు. ఇద్దరు పనిమంతులే. నేనెవరి పేరు రాసినా ఇంకొకరి ఉసురు నాకు తగుల్తది. మీరే మాట్లాడుకొని సోమారం పొద్దుగాల్ల ఒక పేరు చెప్పుండ్రి."

మా ఇద్దరికీ ఆ ఉద్యోగం కావాలి. యాసంగి వడ్లు ఇంటికొచ్చేలోపు జీతం ఉన్న పని దొరక్కపోతే నిడమనూరు వచ్చి పొలం చూసుకోవాలని మా నాన్న గడువు పెట్టాడు. ఉగాది దాకా చూసి, కాకపోతే పత్రిక మానేసి బీఈడీలో చేరాలని వాళ్ల అమ్మ ఆమెకు పెట్టింది. ఇద్దరం రెండు రోజులు మాట్లాడుకున్నాం. మాట్లాడుకోవడం అంటే, "మీరు వెళ్లండి" అని నేను, "లేదండీ, మీరు వెళ్లండి" అని ఆమె. మూడో రోజుకు ఇన్‌చార్జి సారు బల్ల గుద్దారు. "ఇది పెండ్లిల బంతి భోజనమా? ముందు మీరు కూసోండ్రి, ముందు మీరు కూసోండ్రి!"

ఆ మధ్యలోనే ఒక మాట అన్నది ఆమె. ప్రూఫు దిద్దుతూ, తల ఎత్తకుండా అన్నది. "మీకు రాయడం తప్ప ఇంకో పని రాదు. నాకు లెక్కలైనా వచ్చు." నాకు అప్పుడు రోషం వచ్చింది. ఎంతకాలానికి గానీ ఆ మాట వేరుగా వినపడలేదు.

సంగతి హోటల్ దాకా పాకింది. మామ చాలా సులువుగా తేల్చేశాడు. "పని గురించే గదా తక్లీఫ్? మన పందెం గుడ పని మీదనే. శనారం మ్యాచ్ మీద పెట్టుండ్రి. గెల్సినోళ్లకు మిర్యాలగూడ." అందరూ భేష్ అన్నారు. ఆశ్చర్యం ఏమిటంటే మేమిద్దరం కూడా ఒప్పుకున్నాం. ఎందుకు ఒప్పుకున్నానో నా సంగతి నేను చెప్పగలను. ఆమెకు ఉద్యోగం ఇప్పించడానికి నాకు అంతకన్నా మంచి దారి దొరకదు. నేను ఓడిపోవడంలో అప్పటికే ఆరితేరిన మనిషిని.

నా ఎత్తు ఇది. జట్టు కోరుకునే వంతు ముందు ఆమెకే ఇస్తాను. మొదటిసారి పందెం కాసేవాళ్లు ఎవరైనా, ముప్పై మంది అరుస్తుంటే, పెద్ద జట్టునే కోరుకుంటారు. ఇటుకరంగు వాళ్లు నాకు మిగులుతారు. వాళ్లు ఎప్పుడూ గెలవరు. ఇక మిగిలింది తరుగు ఒక్కటే. అది తక్కువ పడితే నా ఓటమి ఖాయం. అందుకని శనివారం పొద్దున్నే కాంటా దగ్గరికి వెళ్లాను.

"మామా, ఇయ్యాల నీలపోళ్లకు తరుగు జర తక్కువ రాయరాదు? అరగోలు సాలు."

మామ చేతిలోని వడ్లు ఊదడం ఆపాడు. "తూకమేసేటప్పుడు కాంటా మీద ఎవడన్న బొటనేలు పెడ్తె వాన్ని ఏమంటం?"

"దొంగ అంటం."

"మరి నువ్వెవనివి?"

ఆ ప్రశ్నను అక్కడే వదిలేసి, "ఛాయ్ తాగి పో" అన్నాడు. ఛాయ్ తాగి వచ్చేశాను. నా జీవితంలో నేను చేయబోయిన ఒకే ఒక మ్యాచ్ ఫిక్సింగ్ అలా ముగిసిందనుకున్నాను.

సాయంత్రం ఐదున్నరకు ఆట. ఆ రోజు హోటల్లో కాలు పెట్టే చోటు లేదు. ఇన్‌చార్జి సారు కూడా వచ్చి, తనకేమీ సంబంధం లేనట్టు ముందు వరసలో కూర్చున్నారు. "నీలం! నీలం!" అని ఆయనే అందరికన్నా గట్టిగా అరిచారు. నేను మర్యాదగా, "ముందు మేడం చెప్పాలి" అన్నాను. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నీలం అండీ" అన్నది. హోటల్ దద్దరిల్లింది. "శభాష్ బిడ్డా!" అన్నారు సారు. నేను దిగులు మొహం పెట్టి (చాలా బాగా పెట్టానని తర్వాత సేటు చెప్పాడు) "ఇగ నాకు ఇటుకరంగే" అన్నాను. ఆ మాట అంటుంటే కడుపులో ఎంత చల్లగా ఉందో చెప్పలేను. ఓడే జట్టు పక్షాన మొదటిసారి నిలబడ్డాను, అదీ అది ఓడిపోతుందనే నమ్మకంతో.

సేటు చక్కెర డబ్బా ఎత్తి, చీటీ విప్పి చదివాడు. "గోలున్నర!"

నీలం అభిమానులు గొల్లుమన్నారు. నేను మామ వైపు చూశాను. అతను ఛాయ్‌లో ఏదో వెతుకుతున్నాడు. ఆమె వైపు చూశాను. ఆమె టీవీ వైపు చూస్తోంది. టీవీలో ఇంకా ఆట మొదలే కాలేదు.

మొదటి సగంలోనే నీలం వాళ్లు ఒక గోలు కొట్టారు. నేను బిగ్గరగా అరిచాను. పక్కవాళ్లు వింతగా చూస్తే దగ్గు అని సర్దుకున్నాను. రెండో సగంలో ఇంకోటి పడింది. రెండులోంచి గోలున్నర తీసేస్తే అర. ఇటుకరంగు వాళ్ల సున్నా కన్నా ఆ అర ఎక్కువే. మేడం గెలిచినట్టే. నేను లేచి, "కంగ్రాట్స్ మేడం" అనబోయాను. ఆమె మొహంలో గెలిచిన కళ లేదు. చేతి గడియారం చూసుకుంటోంది. బస్సు టైమేమో అనుకున్నాను. నీలం గోల్‌కీపరు బంతిని రెండు చేతులా పొదిగి పట్టుకుని సమయం గడుపుతున్నాడు. ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో! ఇంకో రెండు నిమిషాలు, అంతే.

బోడిగుండు ఆటగాడి సంగతి మొదటే చెప్పాను. అర కన్నా ఒకటి పెద్దది. నాకు లెక్కలు రాకపోయినా ఆ మాత్రం తెలుసు.

చప్పట్లు కొట్టాక ఆమె నా దగ్గరికి వచ్చింది. "గెలిచారు కదండీ. ఆ మొహం ఏంటి?"

"తరుగు... ఎక్కువ పడ్డది మేడం" అన్నాను.

"తరుగు ఎప్పుడూ ఎక్కువే పడుతుందండీ. రైతుని అడగండి" అని నవ్వి, కోదాడ బస్సుకు వెళ్లిపోయింది. మా హోటల్ రివాజు ప్రకారం ఓడినవాళ్లు గెలిచినవాళ్ల పని ఒక పూట చెయ్యాలి కదా. నేను మిర్యాలగూడ వెళ్లే ముందు రోజు, అడగకుండానే, ఆమె పొద్దున్నే వచ్చి నా నోట్‌బుక్ తీసుకుని మార్కెట్ అంతా తిరిగి ధరలు రాసింది. ఆ రోజు జాబితాలో ఒక్క తప్పు లేదు.

మిర్యాలగూడలో నా మెడలోకి కార్డు వచ్చింది. నా పేరు అచ్చులో పడిన మొదటి వార్తను మా నాన్న నిడమనూరు అంతటా చూపించాడు (డ్రైనేజీ గురించిన వార్త అది). ఉగాది దాటాక ఆమె బీఈడీలో చేరిందని ఇన్‌చార్జి సారు ఫోన్‌లో చెప్పారు. మిర్యాలగూడ ఆఫీసు ఆరేళ్లకే మూతపడింది. ఇప్పుడు ఆ గదుల్లో ట్యూషన్లు చెబుతున్నారు. నేను తిరిగి సూర్యాపేటకే వచ్చాను. మార్కెట్ ధరలు ఇప్పుడు ఫోన్లోనే కనపడతాయి. ఎవరూ నన్ను రేట్లాయనా అని పిలవరు. ఛాయ్ హోటల్లో పిల్లలు ఎవరి ఫోన్ వాళ్లు పట్టుకుని ఆట చూస్తారు, ఎవడి దిక్కు ఎంత మంది ఉన్నారో తల ఎత్తి చూసే అవసరమే లేదు.

ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చాక మామ పని మానేశాడు. మూడేళ్ల కిందట గరిడేపల్లిలో వాళ్ల ఇంటికి వెళ్లాను. వాకిట్లో మంచం మీద కూర్చుని, మనవరాలు తెచ్చిన బియ్యంలో గింజ కొరికి చూస్తున్నాడు. మాటల్లో మాటగా, ఇన్నేళ్లుగా అడగని సంగతి అడిగాను.

"మామా, ఆ శనారం మధ్యాన్నం కోదాడ మేడం ఒక్కతే కాంటా కాడికి వచ్చిందని సేటు చెప్పిండు. నిజమేనా?"

"వస్తె ఏంది? మార్కెట్‌కు వందమంది వస్తరు."

"తరుగు సంగతి ఏమన్న అడిగిందా?"

"నువ్వడిగింది ఆమెకు చెప్పిన్నా? మరి ఆమె అడిగింది నీకెందుకు చెప్తా? కాంటా కాడి మాట కాంటా కాడనే." అని లేచి లోపలికి వెళ్లి, పాత లెక్కల పుస్తకంలో నుంచి ఆ శనివారం నాటి మడిచిన చీటీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "గిది మాత్రం తీస్కపో. దీని తూకం నాతోని కాలె."

పోయిన నెల కోదాడ బస్టాండులో ఆమె కనపడింది. చేతిలో జవాబు పత్రాల కట్ట ఉంది, పక్కన ఆమె అంత ఎత్తు ఎదుగుతున్న కూతురు. దగ్గర్లోని ఊరి బడిలో లెక్కలు చెబుతోందట. "ఏమండీ రేట్ల సారూ, ఇప్పుడు ఎవరి దిక్కు కాస్తున్నారు?" అంది. ఆ 'అండీ' అలాగే ఉంది. "ఎప్పుడూ ఓడేటోళ్ల దిక్కే మేడం" అన్నాను. "అయితే బాగుపడ్డారు" అని నవ్వింది. కూతురితో, "ఈ సారుకి అరగోలు ఎక్కడికి పోతుందో తెలుసు, అడుగు" అంది. ఆ పిల్ల నిజంగానే అడిగింది. నా జేబులో, పాత ఐడీ కార్డు కవరులోనే, మామ ఇచ్చిన చీటీ ఉంది. తీసి చూపించి ఒక్క ప్రశ్న అడగడానికి అర నిమిషం చాలు. కోదాడ బస్టాండులో నిలబడి, నెరిసిన మీసంతో, నేను వాళ్లెక్కాల్సిన బస్సు ఎప్పుడొస్తుందని మాత్రం అడిగాను. అలా నిలబడ్డ నన్ను ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది. ఇటుకరంగు వాళ్లే నయం, చివరి రెండు నిమిషాల్లోనైనా ముందుకు పరిగెత్తారు.

ఆ చీటీ ఇప్పటికీ ఆ కవరులోనే ఉంది. దాని మీద ఊదారంగు పెన్సిల్‌తో మొదట '½' అని మాత్రమే రాసి ఉంది. అంటే మామ పొద్దున నా మాట విన్నాడన్నమాట. దాని ముందు ఇరుకులో ఒక '1' తర్వాత చేర్చినట్టుంది. ఆ ఒకటి సగం కన్నా ముదురుగా ఉంది. పెన్సిల్‌ను మళ్లీ తడిపి రాసినా ముదురుగానే పడుతుంది, ఇంకొకరు గట్టిగా ఒత్తి రాసినా ముదురుగానే పడుతుంది. ఎవరు రాశారో తెలిసినవాళ్లు ఇద్దరు ఉన్నారు, ఒకరు గరిడేపల్లిలో, ఒకరు కోదాడలో.